అరువు సభ – సొంత సభ
(రాష్ట్రేతర తెలుగువారి సామాజిక మాధ్యమ ప్రేక్షకులను గూర్చి ఒక అభిప్రాయము)

రాష్ట్రేతర తెలుగు సంఘములవారితో మాటలాడునపుడెల్ల ఇటీవల ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. “మేము యూట్యూబులో, ఫేస్‌బుక్‌లో పెట్టిన పాటలను, ప్రసంగములను మునుపు వేలమంది చూచెడివారు. ఇప్పుడు వందమందియు చూచుట లేదు. మా పాట మారలేదు, మా గొంతు మారలేదు. మేము చేసిన తప్పేమి?” ఈ ప్రశ్నకు సాంకేతిక నిపుణులు ఒక సమాధానము చెప్పుదురు: “ఆల్గరిథం మారినది; దానికి తగినట్లు మీరును మారవలెను.” ఈ సమాధానము అసత్యము కాదు. కాని అది సగము సత్యము. తక్కిన సగమును భాషా సాహిత్యములను చదువుకొన్నవారు చెప్పవలసియున్నది. ఆ ప్రయత్నమే ఈ చిన్న వ్యాసము.

ప్రశ్న పుట్టిన చోటును ముందుగా తెలిసికొనుట న్యాయము. భిలాయి ఉక్కు కర్మాగారమునకై 1955 ఫిబ్రవరి 2వ తేదీన మన ప్రభుత్వమునకును సోవియట్ ప్రభుత్వమునకును ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. కర్మాగారముతోపాటు సెక్టర్ల పేర ఒక నూతన నగరము వెలసినది. రాయపూరు–విజయనగరము రైలుమార్గము 1931 నాటికే పూర్తియై యుండుటచే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు అచ్చటికి చేరుట సులభమయ్యెను. సెక్టర్ 5లో బాలాజీ ఆలయము వెలసినది. పక్కనున్న సెక్టర్ 4 వీథులలో తెలుగు, ఒడియా, హిందీ, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ భాషలు ఒకే కుళాయి వద్ద వినబడెడివి.

ఆ కాలమున సభకు ప్రేక్షకులను కూర్చుట సమస్య కాలేదు. అందరును కంపెనీ క్వార్టర్లలో ఉండెడివారు. హరికథ యున్నదనిన నాలుగు ఇండ్లకు చెప్పిన చాలును. నలుబది ఇండ్లకు తెలిసెడిది. ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో, ఎవరికి రాత్రి డ్యూటీ పడినదో తెలిసియుండుటచే కార్యక్రమపు వేళను దానికి తగినట్లు పెట్టుకొనెడివారు. సభలో ముందు వరుసన కూర్చున్నవాడు ఎవరో, వెనుక నిలుచున్నవాడు ఎందులకు కూర్చుండలేదో చెప్పువానికి తెలియును. సభ యనగా లెక్క కాదు, ముఖములు.

ఇప్పుడా పరిస్థితి లేదు. ఉద్యోగ విరమణ చేసినవారిలో అనేకులు క్వార్టరును ఒప్పగించి విశాఖకో, శ్రీకాకుళమునకో, రాయపూరునకో తరలిపోయిరి. కర్మాగారమున స్థిరోద్యోగుల సంఖ్య తొలి దశాబ్దములతో పోల్చిన మిక్కిలి తగ్గినది. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, పూనా, విదేశములు చేరిరి. “మాది సెక్టర్ 4” అని చెప్పుకొనువారిలో పెక్కుమంది నేడు సెక్టర్ 4లో లేరు. వీథి చెదరినది, వీథి జ్ఞాపకము మాత్రము చెదరలేదు. అట్టివారందరును మరల ఒకచోట కూడుటకు మిగిలిన మండపము చేతిలోని ఫోనే. కావున సామాజిక మాధ్యమములందు ప్రేక్షకులను సంపాదించుట అనునది వీరికి వ్యాపార విషయము కాదు, వినోదమును కాదు. చెదరిన యొక సభను మరల కూర్చుకొనుట. ప్రశ్నలోని బాధ ఇందువలన పుట్టినది.

ఇక ఆల్గరిథం అను పదము. తొమ్మిదవ శతాబ్దికి చెందిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిను ఉచ్చారణలో రూపాంతరము చెంది ఈ పదమయినది. ఒక పనిని ఏ మెట్టు తరువాత ఏ మెట్టుగా చేయవలెనో తెలుపు విధానమని దీని యర్థము. సామాజిక మాధ్యమముల విషయమున ఇది, ఎవరికి ఏది ముందు చూపవలెనో నిర్ణయించు విధానము. దీనిని ఈ వ్యాసమున ‘ఎంపిక సూత్రము’ అని వ్యవహరింతును.

యూట్యూబు ఎంపిక సూత్రమును గూర్చి గూగులు ఇంజినీర్లు 2016లో ప్రకటించిన పరిశోధన పత్రమును బట్టి, అది రెండంచెలుగా పనిచేయును. లక్షల కొలది దృశ్యములనుండి ఒక్కొక్క ప్రేక్షకునికి కొన్ని వందలను మొదట ఏరును. పిమ్మట వానిని ఆ ప్రేక్షకుడు ఎంతసేపు చూచునో అంచనా వేసి, ఆ వరుసలో అమర్చును. ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. ఈ సూత్రము దృశ్యమునకు ప్రేక్షకులను వెదకుట లేదు; ప్రేక్షకునికి దృశ్యమును వెదకుచున్నది. మన సంఘమువారు తలచునది మొదటిది, జరుగునది రెండవది. “మా పాటను అందరికి ఎందుకు చూపుట లేదు?” అని మనమడుగుచున్నాము. “ఇతడు మరికొంతసేపు ఇచ్చటనే ఉండుటకు ఏమి చూపవలెను?” అని యంత్రము అడుగుచున్నది. ఈ రెండు ప్రశ్నలకు ఉత్తరము ఒక్కొక్కప్పుడు కలియును. కలిసినప్పుడు మనకు వేలమంది ప్రేక్షకులు లభింతురు. కలియనినాడు ఎవరును రారు.

పైగా యంత్రము అడుగు ప్రశ్నయు స్థిరముగా నుండదు. యూట్యూబు 2012కు పూర్వము ఎందరు తెరచి చూచిరన్న లెక్కకు ప్రాధాన్యమిచ్చెడిది. ఆ యేడు ఎంతసేపు చూచిరన్న లెక్కకు మారినది. ఇన్‌స్టాగ్రామ్ 2016లో కాలక్రమమును విడిచి ఎంపిక సూత్రమును చేపట్టినది. ఫేస్‌బుక్ 2018 జనవరిలో సంస్థల పుటలకంటె మిత్రుల, బంధువుల మాటలకు ముందు స్థానమిచ్చుచున్నట్లు ప్రకటించినది. అంతవరకు శ్రమపడి పుటలను పెంచుకొన్న సంఘములకు, పత్రికలకు దీనివలన కలిగిన నష్టము కొంచెము కాదు. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినది. నిషేధమునకు కారణములు వేరు. వాని మంచిచెడ్డలు ఇచ్చట విషయము కాదు. కాని ఆ మాధ్యమమున లక్షల అభిమానులను కూర్చుకొన్న పల్లెటూరి కళాకారులు మరునాటికి ఒక్కని పేరును వెంట తెచ్చుకొనలేకపోయిరి. ఆ యేడు జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబు షార్ట్స్ మన దేశమున వచ్చినవి. వారందరును మరల మొదటినుండి మొదలిడిరి. 2025 మార్చి 31నుండి షార్ట్స్ విషయమున దృశ్యము మొదలగుటనే ఒక వీక్షణముగా లెక్కించుచున్నారు. అనగా ‘చూచుట’ అను మాటకు అర్థమును సైతము మార్చుకొను అధికారము మాధ్యమమునకు కలదు. భాషాశాస్త్ర విద్యార్థులు ఈ అర్థవిపరిణామమును ప్రత్యేకముగా గమనింతురు గాక.

ఒక చిన్న లెక్క చూతము. భిలాయి నుండి చెదరిన తెలుగు కుటుంబములు మూడు వందలు ఒక చానలును ఆదరించుచున్నవని అనుకొందము. వారమునకొక పది నిమిషముల దృశ్యము పెట్టుదురు. మూడు వందల కుటుంబములును ఒక్క వారమైనను తప్పక, ఒక్క నిమిషమైనను విడువక చూతురని కూడ అనుకొందము. వారమునకు 3,000 నిమిషములు, అనగా 50 గంటలు. ఏడాదికి 52 వారములకు 2,600 గంటలు. 2018 జనవరిలో యూట్యూబు ప్రకటనల ఆదాయములో భాగమిచ్చుటకు విధించిన నియమము, పన్నెండు నెలలలో 4,000 గంటల వీక్షణము, 1,000 మంది చందాదారులు. మన మూడు వందల కుటుంబములు పరిపూర్ణమైన నిష్ఠతో చూచినను ఆ గీటును అందుకొనజాలవు. ఏ వీథిసభయైనను, ఏ ఆలయ మండపమైనను నూటికి నూరుగురు శ్రోతలు చివరివరకు కూర్చుండిన ఉత్సవమును దిగ్విజయమని చెప్పును. ఈ కొలబద్ద దానిని వైఫల్యమని చెప్పుచున్నది. దోషము సభలో లేదు. కొలబద్ద వేరొక వస్తువును కొలుచుటకు చేయబడినది. ఈ సంగతి తెలియక మన సంఘములవారు నిరుత్సాహపడి పనిని మానివేయుట విచారకరము.

ఈ కొలతలో తేలని మరియొక విషయము కలదు. భిలాయిలో మూడవ తరము పిల్లలలో పెక్కుమంది ఇంటిలో తెలుగు మాటలాడుదురు. బడిలో హిందీయు ఇంగ్లీషును చదివినందున తెలుగు లిపిని చదువలేరు. వారి ఫోను హిందీలో నుండును. వారు చూచునది హిందీ పాట, హిందీ హాస్యము. యంత్రము దృష్టిలో వారు హిందీ ప్రేక్షకులు. అమ్మమ్మతో శ్రీకాకుళపు యాసలో మాటలాడు సంగతి యంత్రమునకు ఎట్లు తెలియును? వారు తెలుగును వెదకరు, ఏలయన తెలుగులో టైపు చేయలేరు. యంత్రము తెలుగును చూపదు, ఏలయన వారు తెలుగును వెదకరు. ఈ రెంటి నడుమ ఒక తరము భాష నిశ్శబ్దముగా జారిపోవుచున్నది. ఇందు ఎవరి ద్వేషమును లేదు, కుట్రయు లేదు. అలవాటును చూచి అలవాటునే పెంచు యంత్రమునకు అల్పసంఖ్యాకుల భాష కనబడదు, అంతే.

ఇచ్చట రెండు అభిప్రాయములు వినబడుచున్నవి. మొదటివారు, “సూత్రమును నేర్చుకొనుడు. మొదటి అరనిమిషములో ఆకర్షింపుడు. బొమ్మను మార్చుడు. ప్రతిదినము పెట్టుడు” అందురు. వీరి మాటను తేలికగా త్రోసివేయరాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లినుండి 2012లో మొదలయిన ‘మై విలేజ్ షో’ తెలంగాణ పల్లె పలుకుబడిని ప్రపంచమునకు వినిపించినది; చదువు లేని గంగవ్వను ఇంటింటికి పరిచయము చేసినది. 2018లో కాలధర్మము చెందిన మస్తానమ్మ, నూరేండ్లు దాటినదని ప్రసిద్ధి కెక్కిన వృద్ధురాలు, ఆరుబయట కట్టెలపొయ్యిమీద వండిన వంటలను లక్షలాది ప్రజలు చూచిరి. ఏ పత్రికా కార్యాలయమును, ఏ ఆకాశవాణి కేంద్రమును వీరికి ఇంతటి వేదికను ఈయలేదు. ఛత్తీస్‌గఢ్‌లోనే రాయపూరు జిల్లా తులసి గ్రామమున, సుమారు నాలుగు వేల జనాభాలో వేయిమందికి పైగా యూట్యూబు పనిలో పాల్గొనుచున్నారని వార్తాపత్రికలు వ్రాసినవి. 2023లో జిల్లా పాలనాయంత్రాంగము వారికొక స్టూడియోను ఏర్పరచినది.

కాని ఈ ఉదాహరణములనుండి నేర్చుకొనవలసిన పాఠము వేరు. గంగవ్వ సూత్రమును చదివి తన యాసను ఏర్పరచుకొనలేదు. మస్తానమ్మ వీక్షణముల లెక్క చూచి వంకాయ కోయలేదు. తులసిలో నటులును, రచయితలును, తొలి ప్రేక్షకులును ఆ ఊరివారే. అనగా వారికి ముందొక సొంత సభ యున్నది. దానిపై మాధ్యమము అరువు సభను చేర్చినది. సొంత సభ లేక అరువు సభను మాత్రమే వెదకువానికి సూత్రము మారిన ప్రతిసారియు పునాది కదలును. అదిగాక, తెలంగాణ పల్లెను తెలుగు నాట కోట్లమంది తమదిగా గుర్తింతురు. సెక్టర్ 4 ముచ్చటను గుర్తించువారు కొన్ని వందలమంది. ఆ వందలమందిని సంతోషపెట్టు మాటను, లక్షలమందిని ఆపు మాటకై వదలుకొన్నచో మనము లక్షలను పొందకపోవుటయే గాక వందలను కూడ పోగొట్టుకొందుము.

రెండవవారు, “ఈ మాధ్యమములను విడిచిపెట్టుడు, మరల పుస్తకమునకు, సభకు పొండు” అందురు. ఇదియు సరికాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో స్థాపించిరి. తెలుగు నేలకు అంత దూరమున తెలుగు పత్రికను నడుపుటకు ఆధారము తపాలా. అది పంతులుగారిది కాదు, బ్రిటిషు ప్రభుత్వమువారిది. వారు పరాయి మార్గమును వాడుకొనుటకు సంకోచింపలేదు. కాని చందాదారుల పట్టిక మాత్రము వారి చేతిలో నుండెను. అందుచేతనే 1914లో పత్రిక మద్రాసునకు తరలి దినపత్రిక యయినప్పుడు పాఠకులు దానితో వచ్చిరి. నేటి మాధ్యమమునకును నాటి తపాలాకును గల భేదము ఇచ్చటనే. తపాలా జవాను పత్రికలోని వ్యాసము రుచించలేదని చందాదారునికి అందీయక మానడు. నేటి మాధ్యమము, చందాదారుడని పేరుపెట్టి కూడ, మన మాటను అతనికి చేర్చునో లేదో తానే నిర్ణయించును.

కావున నా అభిప్రాయము ఇది. మాధ్యమమును మార్గముగా వాడుకొనవలెను, మండపముగా భావింపరాదు. మార్గము మీద ఎదురైనవానిని పిలిచి మన మండపమునకు తీసికొనిరావలెను. మార్గము రేపు వేరొక దిక్కునకు మరలినను మండపము నిలిచియుండవలెను. ఇది కేవలము ఉపమానము కాదు. ఆచరణలో దీనికి కొన్ని స్పష్టమైన పనులు కలవు.

మొదటిది, పట్టిక. మన దృశ్యము చూచి ఒక్క మాట వ్రాసిన ప్రతివానిని అడిగి, అంగీకరించినవాని పేరు, ఫోను నంబరు, ఈమెయిలు వ్రాసి పెట్టుకొనవలెను. వాట్సాప్ సముదాయము కూడ ఒక కంపెనీదే. అయినను అందు సందేశము ఎంపిక సూత్రము వలన గాక వచ్చిన వరుసలో కనబడును. పట్టిక మన చేతిలో నున్నచో ఒక మార్గము మూతపడినను వేరొక మార్గమున పిలువవచ్చును. మూడు వందల పేర్ల పట్టిక మూడు లక్షల వీక్షణములకంటె విలువైనది.

రెండవది, వేళ. యంత్రము ఎప్పుడు చూపునో మనకు తెలియదు. మనమెప్పుడు పెట్టుదుమో వారికి తెలియవచ్చును. ఆకాశవాణి శ్రోతలు ఎంపిక సూత్రము లేకయే ఏ కార్యక్రమము ఎప్పుడో ఎరిగియుండెడివారు. భిలాయివంటి ఊరిలో మూడు షిఫ్టులను మనసునందుంచుకొని, నియమితమైన రోజును వేళను ఏర్పరచి, తప్పక నిలుపుకొనవలెను.

మూడవది, లిపి. శీర్షికను తెలుగు లిపిలో వ్రాసి, దాని క్రింద అదే తెలుగును దేవనాగరి లిపిలో కూడ వ్రాయవలెను. ఇది తెలుగునకు అగౌరవమని కొందరు పెద్దలు తలపవచ్చును. కాని చెవికి తెలుగు తెలిసి కంటికి తెలియని పిల్లవానికి ఇది తలుపునకు పెట్టిన మెట్టు. వాడు లోపలికి వచ్చిన పిమ్మట లిపి నేర్పవచ్చును. రాక మునుపు నేర్పలేము.

నాలుగవది, పంచుట. ఫేస్‌బుక్ 2018 నాటి మార్పును బట్టి, సంఘపు పుట ఒక్కటి పదిసార్లు చెప్పుటకంటె సభ్యులు పదిమంది తమ మాటలలో ఒక్కొక్కసారి చెప్పుట మేలు. ఇందు నేర్పు ఏమియు లేదు. నాటి సెక్టర్లలో హరికథ వార్త ప్రాకిన విధమే ఇది.

ఐదవది, మూలప్రతి. పాట పాడినవారెవరు, ఏ ఊరినుండి వచ్చిరి, ఎప్పుడు రికార్డు చేసిరి అను వివరములతో మూలప్రతిని తమ వద్ద, కనీసము రెండు చోట్ల, భద్రపరచుకొనవలెను. ఆర్కుట్ 2014లో మూతపడినది. గూగులు ప్లస్ 2019లో మూతపడినది. యాహూ గ్రూప్స్ 2020లో మూతపడినది. వానిలో వ్రాసికొన్న తెలుగు ఎంత పోయినదో లెక్కింపగలవారు లేరు.

ఈ చివరి విషయమున విశ్వవిద్యాలయములయందలి తెలుగు శాఖలకు కూడ బాధ్యత కలదు. తాళపత్రములను వెదకుటకు మన పూర్వాచార్యులు ఊరూర తిరిగిరి. ఉత్తరాంధ్ర పలుకుబడి మధ్యభారతమున డెబ్బది యేండ్లలో ఏ మార్పులు పొందినదో తెలుపు సాక్ష్యము నేడు తాళపత్రములలో లేదు. సెక్టర్ 4వంటి చోట్లనుండి వచ్చిన యువకులు ఫోనులతో తీసిన దృశ్యములలో ఉన్నది. వందమంది చూచిరో లక్షమంది చూచిరో పరిశోధకునికి అక్కర లేదు. అట్టి దృశ్యములను సంఘముల అనుమతితో సేకరించి, లిఖితప్రతులు చేసి, సూచికలు కట్టుట ఒక్క పీహెచ్.డి. విద్యార్థి చేయదగిన పని. అది జరిగినచో ఆ యువకులకు ఒక ధైర్యము కలుగును: యంత్రము మరచినను తమ భాషను జ్ఞాపకముంచుకొనువారు ఉన్నారని.

భిలాయి సమీపమున గనియారీ గ్రామమున పుట్టిన తీజన్ బాయి పండవానీ గాయకురాలిగా లోకప్రసిద్ధి పొందినది. 2019లో పద్మవిభూషణ గౌరవమును అందుకొన్నది. ఆమె కీర్తికి పునాది తొలినాళ్ల పల్లెసభలు. అచ్చటి శ్రోతలు ఎదుట కూర్చుండి వినినవారు. అట్లే సెక్టర్ 4లోని జగన్నాథాలయము నుండి ఆషాఢ శుద్ధ విదియనాడు ఒడియా సోదరులు రథయాత్ర నడుపుదురు. రోడ్డు వారిది కాదు, నగరమువారిది. కాని తిథి అందరికి తెలియును, రథము ఏ దారిని వచ్చునో తెలియును, త్రాడు పట్టువారు ముందుగానే వచ్చి నిలుతురు. ఒక సంవత్సరము రోడ్డు మరమ్మతులో నున్నచో రథము వేరొక దారిని పోవును. భక్తులు ఆ దారికి పోయెదరు.

మన సంఘములవారు అడిగిన ప్రశ్నకు ఇదియే నా సమాధానము. మీరు తప్పు చేయలేదు. రోడ్డు మారినది, అంతే. త్రాడు పట్టువారి పేర్లు మీ వద్ద ఉన్నవా లేవా అనునదే అడుగవలసిన ప్రశ్న. లేనిచో నేడే వ్రాయుట మొదలు పెట్టుడు.